నల్లబడిన పాలపాప

ఎగువ లిఫ్టు తలుపు మూసుకోవడానికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. లోపల ఊటకాపరి కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు. పైన నేల మీద ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు. అక్కడికి పంపడమంటే ఏమిటో పాతాళపురంలో చంటిపిల్లలకూ తెలుసు.

రెండో ఊటలోని పాలపాపలు, ఆ చీకటి నీళ్లలో బతికే తెల్లని జీవులు, పదకొండూ చచ్చాయి. అవి బతికి ఉన్న నీళ్లే ఊరు తాగుతుంది. తప్పు కాపరిదేనని జలాధికారి యశోధర తేల్చేసింది. తనిఖీదారు సుంకులమ్మ లిఫ్టు యంత్రానికి నోటితో అతని పేరు చెబితే చాలు, లిఫ్టు కదులుతుంది.

సుంకులమ్మ ఒక కళేబరాన్ని దీపం కిందికి తెచ్చింది. జానెడు పొడవు. చదునైన మూతి. కళ్లుండాల్సిన చోటును చర్మం కప్పేసింది. మెడకు రెండు వైపులా కుచ్చుల్లాంటి మొప్పలు, ఎరుపు పోయి వాడిపోయాయి. ముందుకాళ్లకు మూడేసి వేళ్లు, వెనకకాళ్లకు రెండేసి. కడుపు పాలలా తెల్లగా ఉంది. వీపు మాత్రం నేరేడుపండు రంగు.

పాలపాప వీపు నల్లబడేది వెలుతురుకే, అదీ వారాల తరబడి పడితేనే; చివరికి ఆ వెలుతురే దాన్ని చంపుతుంది. ఆ ఊటలో దీపం నిషేధం. కుళ్లాయప్ప పుట్టుగుడ్డి, అతనికి దీపంతో పనేముంది?

లిఫ్టులో ఉన్న కుళ్లాయప్పను మైకులో అడిగింది. కొన్నాళ్లుగా ఊటలో మొహానికి వేడి తగిలేదని, సెంటు వాసన, పెద్దమనుషుల నవ్వులు వచ్చేవని అతను చెప్పాడు. ఎవరని అడిగితే నీ పని చూసుకోమన్నారట.

"ఆ ఊట తలుపు తెరుచుకునేది రెండు అరచేతులకే పాపా. ఒకటి నాది."

వెనక నుంచి యశోధర మెల్లగా అంది: "నా మీద నేరం పడితే నా చెయ్యి చెల్లదు. నీళ్ల గేట్లన్నీ మూసుకుంటాయి. కొత్త చెయ్యి నమోదుకు మూడు రోజులు. ఒక్క ముసలోడి కోసం నలభై వేలమందిని నీళ్లు లేకుండా ఎండబెడతావా?"

"వదిలెయ్ పాపా," అన్నాడు కుళ్లాయప్ప. "ఊర్లో పిల్లోళ్లుండారు."

వదిలేస్తే రేపు యశోధర తన చుట్టాలకు వేడుక చూపించడానికి దీపాలతో మూడో ఊటకు తెస్తుంది. ఆ తర్వాత ఏ నీళ్లలో విషముందో చెప్పే ప్రాణి ఒక్కటీ మిగలదు. సుంకులమ్మ ఊరంతటికీ వినిపించే మైకు మీట నొక్కింది.

"ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపుకోండి. బకెట్లు, గిన్నెలు, ఏదుంటే అది. ఆరు నిమిషాలే టైముంది."

కింద వీధుల్లో కుళాయిలన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. యశోధర గేట్లు మూసే మీట మీదికి చెయ్యి చాచింది. సుంకులమ్మ ఆ మణికట్టు పట్టుకుని వదల్లేదు. చివరి నిమిషం దాకా అలాగే నిలబడింది.

"నేరం ఎవరిది?" లిఫ్టు యంత్రం అడిగింది.

"జలాధికారి యశోధరది."