చెల్లెలి ఇంటి మంచినీళ్లు

"నా ఇంట్లో గుక్కెడు నీళ్లు కూడా ముట్టుకోకూడదని అన్నయ్యకి ఎవరు నూరిపోశారో నాకు తెలియదనుకోకు వదినా..."

కాళ్లకి చెప్పులన్నా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆడపడుచు అన్న మొదటి మాట అది. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది, భుజం మీద దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి వచ్చిందంటే ఆ కోపం ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. వారం వారం వస్తాడట అన్నయ్య. కుర్చీ అంచున కూర్చుంటాడట. కొన్ని నెలలుగా టీ పెడతానంటే ఇప్పుడే తాగానంటాడు, నీళ్లిస్తే దాహం లేదంటాడు. పోనీ నిజంగానే దాహం లేదా అంటే, వీధి మలుపు తిరిగాక కారాపి సంచిలోంచి సీసా తీసి గటగటా తాగడం ఆమె కళ్లారా చూసింది. "చిన్నప్పుడు నా కంచంలో అన్నం లాక్కుని తిన్నవాడు... ఇప్పుడు నా చేతి నీళ్లకి పనికిరాకుండా పోయానా? నేనేమన్నా కలిపి పెడతానని భయమా?" అని అక్కడే గోడకి చేరగిలబడి ఏడ్చింది.

నిజానికి వదినకి ఇదేమీ తెలియదు!

ఈ వదిన గురించి ఒక మాట చెప్పుకోవాలి. చుట్టాలంతా ఆమెని "పోలీసమ్మ" అంటారు. పాలు కాచేముందు వాసన చూస్తుంది. తూకం వేయించుకున్న సరుకు ఇంటికొచ్చి మళ్లీ తూస్తుంది. పెళ్లి ఫొటోలో మొగుడు నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఇప్పటికీ అడుగుతుంది. అందరూ నవ్వేవాళ్లే గానీ, ఆ అనుమానం వల్ల ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ మోసపోలేదు. అలాంటి మనిషి మీదికే ఇవాళ అనుమానం వచ్చి పడింది. చేయని తప్పుకి సంజాయిషీ ఇచ్చుకోవడం ఎంత కష్టమో, ఇచ్చుకున్న ఆడవాళ్లందరికీ తెలుసు...

"చిట్టీ, మా పిల్లల మీద ఒట్టు. నేనేమీ అనలేదు. ఆయన్నే అడుగుతాను," అంది. ఆడపడుచు నమ్మలేదు. అలాగే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆయన రంగుల ఫ్యాక్టరీలో మేనేజరు. నూలు బట్టకి రంగులద్దే ఫ్యాక్టరీ అది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆమె వడ్డిస్తూ మామూలుగానే అడిగింది.

"చిట్టి ఇంట్లో నీళ్లు ఎందుకు తాగడం లేదు?"

ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది. "దాహం వేయలేదు."

"ఇన్ని నెలలుగానా?"

"నీకు వేరే పని లేదా? తాగితే తాగుతాను, లేకపోతే లేదు. నీళ్ల దగ్గర కూడా పోలీసు విచారణేనా!" అని కంచం తోసేసి లేచాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ కోపం. పెళ్లయిన ఇన్నేళ్లలో కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి కాదు ఆయన. ఆ క్షణం నుంచి పోలీసమ్మ మనసులో ఒక్కొక్కటే పేరుకోవడం మొదలైంది. అన్నాచెల్లెళ్ల మధ్య ఆస్తి తగాదా ఏదైనా ఉందా? ఆ వీధిలో ఇంకెవరైనా ఉన్నారా... చెల్లెలిని చూసే నెపంతో అక్కడికి వెళ్తున్నాడా? కారు డిక్కీ తెరిస్తే కొట్లో కొన్న మంచినీళ్ల సీసాల కట్టలు కనిపించాయి. ఇంటికి ఒక్కటీ రాలేదు. మరి ఎవరికి?

"ఈ ఆదివారం నేనూ వస్తాను," అంది. ఆయన వద్దనలేదు గానీ రమ్మనీ అనలేదు.

ఆడపడుచు ఉండేది ఫ్యాక్టరీ వెనక వీధిలో. ప్రహరీ గోడ పొడవునా ఒకటే వరస ఇళ్లు. వీధి మొదట్లో నీలం రంగు వేసిన మంచినీళ్ల ప్లాంటు. ఫ్యాక్టరీ యజమాని ఆ వీధికి ఉచితంగా కట్టించింది. నీళ్లు పట్టుకునే కొళాయి జానెడు ఉంటే, దాని మీద కంపెనీ పేరు బారెడు ఉంది. ప్రారంభం రోజున మేనేజరు గారి భార్యగా ఆ కొళాయి తిప్పింది మన పోలీసమ్మే. మొదటి గ్లాసు పట్టి ఆ వీధి ఆడవాళ్ల చేతికిస్తూ ఫొటో తీయించుకుంది. ఆ ఫొటో చాలాకాలం హాల్లో ఉండేది. కంపెనీలన్నీ లాభాలు మింగి కూర్చుంటే మా ఆయన కంపెనీ నలుగురికి నీళ్లు పోస్తోందని ఆమె ఎంతమందితో గొప్పగా చెప్పుకుందో!

ఆడపడుచు కూతురు బుజ్జి కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. అత్తయ్యని చూడగానే లేవబోయింది. "కూర్చోవే తల్లీ," అని పక్కన కూర్చుంది పోలీసమ్మ. ఆయన సీసాల కట్ట తెచ్చి మూలన పెట్టాడు. లోపలి గదిలో అలాంటి కట్టలే గోడెత్తున ఉండడం తలుపు సందులోంచి పోలీసమ్మకి కనిపించింది. ఒక సీసా మాత్రం ఇస్త్రీ బల్ల మీద ఉంది. ఆడపడుచు అందులోంచి నీళ్లు చేతిలో వంచుకుని జాకెట్టు గుడ్డ మీద చిలకరించి కసిగా ఇస్త్రీ పెట్టె రుద్దింది.

"మా ఇంటి నీళ్లు నీకు పనికిరానప్పుడు నీ నీళ్లు నాకెందుకన్నయ్యా? ఇస్త్రీకి బాగున్నాయి, వాడుకుంటున్నాను."

మొగుడి మొహం చూసింది పోలీసమ్మ. తెల్లగా పాలిపోయింది. కోపం కాదది... భయం.

"అంటే బుజ్జి... ఈ సీసాలు తాగడం లేదా?" అన్నాడు.

"అదెందుకు తాగుతుంది? వీధిలో అందరూ తాగే నీళ్లే మేమూ తాగుతాం. నీ కంపెనీ ఇచ్చినవేగా."

బుజ్జి నవ్వి చేతిలో ఉన్న గ్లాసు ఎత్తింది. మామయ్య ఒక్క ఉదుటున లేచాడు. కాలు తట్టుకుందన్నట్టు ముందుకు తూలాడు, మోచెయ్యి తగిలి గ్లాసు ఎగిరి గోడకి కొట్టుకుంది. "అయ్యో, చూసుకోలేదు," అన్నాడు. అందరూ నమ్మారు. కాలు తట్టుకోవడానికి అక్కడేమీ లేదని చూసింది ఒక్క పోలీసమ్మే.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి కార్లో కూర్చోబెట్టింది. అద్దాలెత్తింది.

"ఇప్పుడు చెప్పండి. ఆ నీళ్లలో ఏముంది?"

మొదట కసురుకున్నాడు. తర్వాత బతిమాలాడు. ఆమె కదలలేదు. చివరికి స్టీరింగు మీద తల ఆనించి చెప్పాడు. రంగునీళ్లు నిలవచేసే గుంటకి అడుగున వేసిన షీటు చిరిగింది. ఆ నీరు భూమిలోకి దిగి ప్లాంటు బోరులో కలుస్తోంది. రంగు కనపడదు, వాసనా రాదు. అనుమానమొచ్చి తనే పరీక్ష చేయిస్తే తాగకూడని నీళ్లని తేలింది. ఫిల్టరు మిషను ఆ విషాన్ని ఆపలేదు.

"యజమానికి చెప్పారా?"

"అదే రోజు చెప్పాను. ప్రజాసేవ చేసే కంపెనీ అని మాకేదో బహుమతి ఇస్తున్నారు. అది చేతికొచ్చేదాకా ప్లాంటు మూస్తే పరువు పోతుంది, ఆగమన్నాడు. ఈ నెల అన్నాడు, వచ్చే నెల అన్నాడు... గుంట బాగుచేస్తే అందరికీ తెలిసిపోతుందని దాన్నీ ఆపాడు. మింగలేక కక్కలేక చస్తున్నాను."

"మరి చిట్టికైనా చెప్పొచ్చుగా!"

"చిట్టికి చెబితే వీధంతా దండోరా వేసినట్టేగా! నా ఉద్యోగం పోతుంది. అందుకే సీసాలు మోశాను. నా వాళ్లనైనా కాపాడుకుందామని..."

అంతవరకూ ఆమెకి ఆయన మీద జాలే వేసింది. ఆ చివరి మాట వినగానే మనసు విరిగిపోయింది. "నా వాళ్లు"! అంటే ఆ గోడ పక్కన బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లంతా ఎవరి వాళ్లు? ఇంకో ఆడది ఉందేమోనని భయపడి ఎన్ని రాత్రులు నిద్ర పట్టక దొర్లిందో... ఇది విన్నాక, అదే నిజమైనా బాగుండేదేమో అనిపించింది పిచ్చితల్లికి. అది తన ఒక్కదాని ఏడుపుతో పోయేది.

"ఏవండీ, వీధికంతా నీళ్లని పేరు రాయించుకుని, చెల్లెలికొక్కదానికే సీసాలు మోశారా?" అంది. ఆమె కారు దిగింది.

సాయంత్రం నీళ్లు వదిలే వేళ అయింది. ప్లాంటు దగ్గర బిందెలూ క్యాన్లూ బారులు తీరాయి. అందరికన్నా ముందు ఆ వీధిలో పిండిమర నడిపే ఆవిడ నిలబడింది. పోలీసమ్మ వెళ్లి కొళాయికి అడ్డంగా నిలుచుంది.

"అమ్మా, ఈ నీళ్లు పట్టకండి. ఇవి తాగేవి కావు."

"అదేంటమ్మా, మొదటి గ్లాసు మీరే కదా మా చేతుల్లో పెట్టారు?" అంది పిండిమర ఆవిడ.

"నేనే పెట్టాను. తెలియక పెట్టాను. ఇప్పుడు తెలిసింది."

ఎవరూ నమ్మలేదు. ఉచితంగా ఇవ్వడం ఇష్టంలేక డబ్బులు వసూలు చేయడానికి ఇదో ఎత్తని ఒకావిడ అంటే, మేనేజరు పెళ్లానికి ఉన్నట్టుండి మన మీద ప్రేమేంటని ఇంకొకావిడ అంది. గొడవ విని ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "వదినా, నా ఇంట్లో చిచ్చు పెట్టింది చాలక వీధిలో కూడా మొదలుపెట్టావా?" అంది. ఆ మాటకి పోలీసమ్మకి ఏడుపు ఆగలేదు. అయినా కొళాయి వదల్లేదు.

"ఆవిడ చెప్పింది నిజమే."

అందరూ వెనక్కి తిరిగారు. మేనేజరు నిలబడి ఉన్నాడు. గుంట సంగతి, బోరు సంగతి, యజమాని ఆగమనడం, తను ఆగడం... ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల మీంచి చూపు ఎత్తలేదు. తిడతారనుకున్నాడు, కొడతారనుకున్నాడు. వాళ్లు రెండూ చేయలేదు. పిండిమర ఆవిడ నెమ్మదిగా అతన్ని దాటుకుని వచ్చి, అతని చెల్లెలి ముందు నిలబడింది.

"నీ ఇంట్లోకి సీసాల కట్టలు దిగడం మేమంతా చూశాం. అన్నగారి హోదా, తాగనీలే అనుకున్నాం. అయితే నీకు ముందే తెలుసన్నమాట."

ఆడపడుచు అన్న వంక చూసింది. కాపాడాలని మోసిన సీసాలే చెల్లెల్ని దోషిని చేసి వీధిలో నిలబెట్టాయని ఆయనకి అప్పుడు అర్థమైంది. "దానికేమీ తెలియదమ్మా..." అన్నాడు. ఇన్ని నెలలు నోరు మూసుకున్నవాడి మాట ఎవరు నమ్ముతారు? పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ వీధిలోనే ఉంటూ, అందరి బట్టలూ కుట్టి, అందరి గుట్టూ దాచిన మనిషి ఒక్క నిమిషంలో పరాయిదైపోయింది.

అప్పుడు బుజ్జి వచ్చింది, బరువుగా, నడుం మీద చెయ్యి వేసుకుని.

"పిన్నీ, మా అమ్మకి తెలిసుంటే నాకు ఈ నీళ్లు పట్టేదా?" అంది. "నేనొచ్చిన దగ్గర్నుంచీ తాగుతున్నవి ఇవే. మామయ్య తెచ్చిన సీసాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఇస్త్రీకి తీసినవి తప్ప మూత కూడా తీయలేదు. కావాలంటే చూసుకోండి."

పిండిమర ఆవిడ ఆ పిల్ల కడుపు వంక చూసింది. చేతిలో బిందె కింద పెట్టేసి, "ఎన్నో నెలమ్మా?" అంది.

"ఏడు."

"ఏమీ కాదు తల్లీ. ఏమీ కాదు," అంటూ ఆమె తల నిమిరింది. ఆ మాట నిజమో కాదో అక్కడున్న ఎవరికీ తెలియదు. పుట్టేదాకా తెలియదు. పుట్టాక కూడా, పిల్లో పిల్లాడో దగ్గితే ఒకటి, నడక ఆలస్యమైతే ఒకటి, ప్రతిదానికీ ఆ తల్లి గుండెలో ఈ నీళ్లే మెదులుతాయి... మామయ్య మొహం రెండు చేతుల్లో దాచుకుని అక్కడే కూలబడిపోయాడు. ఆయన్ని ఎవరూ ఓదార్చలేదు, పోలీసమ్మ కూడా.

కాసేపటికి ఆడపడుచు ఇంట్లోకి వెళ్లి సీసాల కట్ట ఒకటి ఎత్తుకొచ్చి పిండిమర ఆవిడ బిందె పక్కన పెట్టింది. "ఈ పూటకి పిల్లలకి సరిపోతాయి. ఇంటికిన్ని తీసుకోండి," అంది. మళ్లీ లోపలికి వెళ్లబోతూ వదిన దగ్గర ఆగింది.

"నిన్ను నానా మాటలూ అన్నాను వదినా."

"అనకపోతే నేను ఆయన్ని అడిగేదాన్నే కాదు చిట్టీ."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. "లోపలికి రా వదినా, నిలబడలేకపోతున్నావు," అంది ఆడపడుచు. అన్నయ్యని పిలవలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు.

పోలీసమ్మ మొగుడి వంక చూసింది. రేపటి నుంచి ఉద్యోగం లేదు, యజమాని ఊరుకోడు, పిల్లల చదువులున్నాయి. అవన్నీ ఆమెకి తెలుసు. వెళ్లి ఆయన భుజం తట్టి లేపింది. "లేవండి. ఆ మిగిలిన కట్టలు ఇంటింటికీ మీరే మొయ్యండి. అడిగినవాళ్లకల్లా మీ నోటితోనే చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

తర్వాత ఆడపడుచు వైపు తిరిగి, "ఈ వరస ఇళ్లన్నీ అయ్యాక వస్తాను. ఆలస్యమవుతుందేమో," అంది.

ఆడపడుచు గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"తలుపు తీసే ఉంటుంది," అంది, వదిన వైపే చూస్తూ. "ఇద్దరూ రండి."