పదకొండు పేర్లున్న ట్యూబు

ఉదయం తొమ్మిదింపావుకి, రైల్వే స్టేషన్ మెట్ల మీద కొరియర్‌ని కాల్చేశారు. సైలెన్సర్ తుపాకీ. అతని జేబులోని ట్యూబు మాయమైంది.

పదిన్నరకి గూఢచారి సంస్థ చీఫ్, ఏజెంట్ గువ్వని పిలిచాడు. చనిపోయింది ఆమె అన్న. ఏడవడానికి ఐదు నిమిషాలిచ్చి, తర్వాత పని చెప్పాడు. ట్యూబులో ఉన్నది డీఎన్ఏ. విదేశాల్లోని మన పదకొండుమంది ఏజెంట్ల పేర్లు అందులో కోడ్‌గా రాసి, బయోటిన్ అనే విటమిన్‌ని తోకలా తగిలించారు. శత్రువుల ల్యాబ్‌లో అయస్కాంత పూసలున్నాయి. ఇసుక కన్నా సన్నటివి. వాటి మీది పూత బయోటిన్‌ని పట్టుకుందంటే ఇక వదలదు. ఆ తోక పట్టుకుని డీఎన్ఏని అయస్కాంతంతో బయటికి లాగి చదివేస్తారు. సాయంత్రానికల్లా పేర్లు బయటపడతాయి.

అక్కడ కెమిస్టుగా ఉన్న మన డబుల్ ఏజెంట్, గువ్వ వదినే. మొగుడు పోయిన సంగతి ఆమెకి ఇప్పుడే చెప్పొద్దన్నాడు చీఫ్.

గాజుసామాను కడిగే మనిషి వేషంలో గువ్వ లోపలికెళ్లింది. ముఠా నాయకుడు బట్టతలాయన ఒళ్లో తుపాకీ పెట్టుకుని కూర్చున్నాడు. వదిన ఎప్పట్లాగే ఎర్ర లిప్‌స్టిక్‌తో, హైహీల్స్‌తో మెరిసిపోతోంది.

"ఈ ట్యూబులు రెండుసార్లు కడిగానండీ." అదే కోడ్. వాటి అడుగున గువ్వ ముందే, జుట్టు పెరగడానికి వేసుకునే మాత్రల పొడిని తడిపి ఆరబెట్టింది. అదీ బయోటినే.

"మూడోసారి కడిగితే చేతులరిగిపోతాయా?" అంది వదిన వెటకారంగా. అర్థమైందని.

వదిన పూసల్ని ముందు గువ్వ ఇచ్చిన ట్యూబులోనే కలిపింది. బస్సులో సీట్లన్నిటికీ ఎవరో ముందే తువ్వాళ్లు వేసేసినట్టు, పూసలన్నీ నిండిపోయాయి. అప్పుడు డీఎన్ఏ పోసింది. అరగంట తిప్పి, అయస్కాంతం పక్కన నిలబెట్టింది. గోధుమరంగు పూసలు ట్యూబు గోడకి అంటుకున్నాయి. పేర్లు తేటనీళ్లలోనే మిగిలాయి. వదిన ఆ నీళ్లని పిపెట్ గొట్టంతో పీల్చింది.

"ఆగు. ఆ నీళ్లు దాచు," అన్నాడు బట్టతలాయన.

అప్పటికే అవి, డీఎన్ఏని ముక్కలు చేసేసే బ్లీచ్ సీసాలో పడ్డాయి. ఆయన తుపాకీ ఎత్తేలోపే మనవాళ్లు తలుపు బద్దలుకొట్టారు.

వ్యానులో గువ్వ మూడుసార్లు నోరు తెరిచింది. చివరికి, అన్నయ్య ఆఫీసులో ఎదురుచూస్తున్నాడని అబద్ధం చెప్పింది.

వదిన గ్లవ్స్ విప్పుతూ, "ట్యూబు మీద మీ అన్న రాత చూశాను. ప్రాణముండగా వాళ్లకి ఇచ్చే మనిషా?" అంది.

"తెలిసీ ఎలా పనిచేశావు వదినా?"

"నీకింకా తెలీదనుకున్నా. నేనేడిస్తే నీకు తెలిసిపోతుంది కదే."

కొరియర్ల పేర్లు రికార్డుల్లో ఉండవు. అందుకని రిపోర్టులో 'నష్టం' అన్నచోట చీఫ్, "ట్యూబు ఒకటి" అని రాశాడు.