గజంబద్దగారి వెనకగది

ఆ సందులో దీపం వెలిగించడం ఏనాడో మానేశారు.

వెలిగించేవాడు లేక కాదు. ఉన్నాడు — భుజాన నిచ్చెన, చేతిలో కిరసనాయిలు డబ్బా. ఇది వందేళ్ళ పైమాట. ఒక రాత్రి వాడు ఆ సందులో స్తంభమెక్కి వత్తి సరిచేస్తూ పక్కకి చూశాడట. బట్టలకొట్టు వెనకగది కిటికీ ఓరగా తెరుచుకుంది... లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చింది. తెల్లటి గుడ్డ వేలాడుతున్న చెయ్యి. ఆ వెంటనే —

చర్ర్‌ర్‌ర్...

నిచ్చెన ఒకవైపు, డబ్బా ఒకవైపు, వాడు ఇంకోవైపు. మర్నాటి నుంచి ఆ స్తంభం జోలికి పోనన్నాడు.

చీకటైతే చాలు, ఆ గదిలోంచి చింపుతున్న చప్పుడు. ఏం చింపుతోంది ఆ దెయ్యం? శవం మీది గుడ్డ అన్నారు కొందరు. కాదు, తన చర్మం తనే చింపుకుంటోంది అన్నాడు మంగలి. గొంతు మీద కత్తి ఉండగా మంగలి మాట ఎవరు కాదంటారు? అదే ఖాయమైంది.

ఆ కొట్టు యజమానే ఇప్పుడు ఆ కొట్లో కూర్చుంటున్నవాళ్ళ ముత్తాత. ఊరంతా ఆయన్ని గజంబద్ద అనేది. గుడ్డ కొలిచే ఆ బద్దంత పొడుగు, అంత సన్నం, అంత బిరుసు. నోరు మాత్రం మనిషికి రెండింతలు. గుమ్మంలో ఎవరైనా కాలు పెడితే చాలు, "రండి రండి! దేనికి? ఎవరికి?" అని అరిస్తే వీధి మలుపులో ఎద్దు తలెత్తి చూసేది. దెయ్యం అన్న మాట వినపడితే మాత్రం ఆ నోరు తాడు లాగిన సంచిమూతిలా ముడుచుకుపోయేది.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. వెనకగదిలో తానులు రోజురోజుకీ చిక్కిపోతున్నాయి. పోనీ దొంగలా అంటే, గల్లాపెట్టె లావెక్కుతోంది. గుడ్డ పట్టుకెళ్ళి డబ్బు పెట్టిపోయే దొంగ ఈ భూమ్మీద పుట్టలేదు. కాబట్టి దెయ్యమే. మరి దెయ్యం సొమ్ము ముట్టుకున్నాడా అంటే — ముట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ముట్టుకున్నాడు.

"మర్యాదగల దెయ్యమే కదండీ, ఉండనివ్వండి," అంది భార్య.

"నీకేం తెలుసే! వ్యాపారం ఆడవాళ్ళ పని కాదు," అన్నాడు.

ఇలాంటి అదను కోసమే ఎదురుకొట్టు నూనె వ్యాపారి కాచుకు కూర్చున్నాడు. "చూడవోయ్, దెయ్యాలకొట్టు ఇంకెవడు కొంటాడు? నాకిచ్చెయ్. ఆ గది పడగొట్టి నూనె పీపాలు పెట్టుకుంటా. నువ్వూ ఊరికే ఉండడమెందుకు, వచ్చి పీపాలు దొర్లించుకో."

ఆ మధ్యాహ్నమే మళ్ళీ చర్ర్‌మని వినిపించినట్టయి — నిజానికి అది ఎలకో ఏమిటో — గజంబద్ద సరేననేశాడు. పొద్దున్నే తాళాలిస్తానని మాటిచ్చేశాడు.

భార్య ఒక్క మాటే అంది. "మావయ్యగారు మూటలు నెత్తిన మోసి, మెడ వంగిపోయాక కట్టిన కొట్టండీ అది."

ఆయన అన్నం సయించక వసారాలో పడుకున్నాడు. నిద్ర పడితేనా? నాన్న కొట్టు... పీపాలు... ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

కప్పరంగు తాను!

ఆ సంగతి చెప్పాలి. ఒకసారి పట్నంలో, దీపాల వెలుతురులో, ఏదో గొప్ప ఆకుపచ్చ అనుకుని రెండు తానులు కొన్నాడు. ఇంటికొచ్చి పగటిపూట విప్పితే — వానలో కప్ప. ఏళ్ళు గడిచినా బెత్తెడు అమ్ముడుపోలేదు. నూనె వ్యాపారి రోజూ వీధికి అడ్డంగా కేకేసేవాడు: "ఏమోయ్, నీ కప్ప బెకబెకమందా?"

రేపు తాళాలు చేతికి రాగానే వాడు చేసే మొదటి పని ఆ తాను వీధిలో పరిచి నలుగురినీ పిలవడం. ప్రాణం పోతే పోయింది, పరువు పోతే ఎలా? గజంబద్ద లేచాడు. పిల్లిలా వెళ్ళి కొట్టు తలుపు తీశాడు. దీపం లేదు. తడుముకుంటూ వెనకగదిలోకి...

అరలో చెయ్యి పెట్టాడు. కప్పరంగు తాను అక్కడ లేదు.

అప్పుడు... ఇంటివైపు తలుపు కిర్రుమంది.

ఆయన మూటల మధ్య దూరి, ఏదో గుడ్డ నెత్తిన లాక్కున్నాడు. మూటల సందులోంచి చూస్తే — తల నుంచి పాదాల దాకా తెల్లటి ఆకారం. లాంతరు నేల మీద పెట్టింది. నీడ అటక దాకా లేచింది.

కిటికీ తెరుచుకుంది. బయటి చీకట్లోంచి ఒక గుసగుస...

"ఉందా?"

"ఉంది."

"మరి... కొలువు."

రెండు చేతులూ విప్పుకున్నాయి... ముడుచుకున్నాయి... విప్పుకున్నాయి...

చర్ర్‌ర్‌ర్!

గజంబద్ద నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకోకుండా అదొక్కటే దారి.

"రంగు చూడకు," అంటోంది ఆకారం. "లోపల కట్టుకునేదానికి రంగెవరు చూడొచ్చారు? నేత చూడు... చేత్తో నలిపి చూడు..."

"ఎంత?"

ఆకారం ధర చెప్పింది. అవతల బేరం లేదు, గీరం లేదు. డబ్బు చేతులు మారింది.

గజంబద్ద నెత్తి మీది గుడ్డ నెమ్మదిగా పైకి లేచింది. ఆ ధర ఆయన కలలో కూడా పలకలేదు! మెడ సాచి చూశాడు. లాంతరు వెలుగులో, దెయ్యం చేతుల్లో మిలమిలా మెరుస్తోంది —

కప్ప!

ఇక ఆగలేదు. భయం మూటల మధ్యే ఉండిపోయింది, ఆయనలోని వ్యాపారి ఒక్కడే బయటికి దూకాడు.

"తల్లీ! ఇంకో తాను అటక మీద ఉంది! అదీ అంటగట్టెయ్యి!"

కిటికీ అవతల కెవ్వుమంది. ఆకారం అలాగే కొయ్యబారింది. గజంబద్ద చేతులు జోడించి నిలబడ్డాడు. "నువ్వెవరివైనా సరే... వెళ్ళిపోకు తల్లీ... ఒక్క కాణీ కూడా తగ్గించకుండా అమ్మావు..."

దెయ్యం నిట్టూర్చింది. ముసుగు వెనక్కి తోసుకుంది.

"ముందు ఆ అరుపు ఆపండి. ఊరు లేస్తుంది."

"నువ్వంటే?"

"నేనే. మీ భార్యని."

కిటికీ దగ్గర్నుంచి ఆయాసపడుతున్న గొంతు: "మీ ఆయనా వదినా! దెయ్యమనుకుని చచ్చాను కదా!" నూనె వ్యాపారి భార్య.

గజంబద్ద మూట మీద కూలబడ్డాడు. "పగలు కొట్టు తెరిచే ఉంటుందిగా... ఈ చీకటి బేరమేమిటే?"

"పగలొస్తే మీరేమంటారు? ‘దేనికి? ఎవరికి?’ అని ఊరికంతా వినపడేలా అడుగుతారు. లోపావడాకి అని వాళ్ళు కూడా ఊరికంతా వినపడేలా చెప్పాలా?"

ఆయన గబుక్కున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాతో చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పబోయాను. వ్యాపారం ఆడవాళ్ళ పని కాదన్నారు."

"ఎప్పుడన్నాను?"

"పెళ్ళయిన కొత్తలో. మొన్న. ఇవాళ."

"మరి ఈ తెల్లముసుగు?"

"చలికండీ. ఆ దీపాలవాడు పడ్డప్పుడు నా ప్రాణమే పోయినంత పనైంది. కానీ దెయ్యమన్న పేరొచ్చాక మగవాళ్ళెవరూ సందులోకి రారు. మాకూ హాయిగా ఉంది."

గజంబద్ద తల పట్టుకున్నాడు. "పొద్దున్నే తాళాలడుగుతాడే... మాటిచ్చేశాను!"

"మీరిచ్చారు. దెయ్యం ఇవ్వలేదుగా," అంది భార్య, మిగిలిన గుడ్డ మడతపెడుతూ.

తెల్లారింది. నూనె వ్యాపారి చెయ్యి చాపుకుంటూ వచ్చాడు.

"ఏవోయ్ తాళాలు?"

గజంబద్ద దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గడం చూసే నూనె వ్యాపారికి సగం అనుమానం వచ్చింది.

"అది ఒప్పుకోవట్లేదు..."

"ఏది?"

"అదే. రాత్రి మాట్లాడాను. గది పడగొడితే... ఎదురింట్లోకి వచ్చేస్తుందట."

"రానీ! నా ఇంటి సంగతి దానికేం తెలుసు?"

"ఏమోనయ్యా... మీ ఇంట్లోవాళ్ళందరి కొలతలూ గడగడా చెప్పేసింది."

నూనె వ్యాపారి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఎక్కడో నిలబడిపోయింది. వెనక్కి తిరిగి, తన గుమ్మం ఊడుస్తున్న భార్యకి కేకేశాడు: "విన్నావుటే వింత! వీళ్ళ దెయ్యం మన ఇంట్లోవాళ్ళని కొలిచిపోయిందట!"

ఆమె చీపురు ఆపింది. నడుము నిటారు చేసి, మొగుడి వంక జాలిగా చూసింది.

"అయితే అది కల కాదన్నమాట..." అంది మెల్లగా. "రాత్రిళ్ళు ఎవరో మీ మంచం పక్కన నిలబడి, మీ మెడ చుట్టూ నూలుపోగు పెట్టి కొలుస్తూ ఉంటారు."

నూనె వ్యాపారి కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతా తెలిసిన గజంబద్ద చెయ్యి కూడా, తనకి తెలియకుండానే, తన మెడ మీదికి పోయింది.