ఫెర్జ్ అంటే ఎవరు?

"అడ్రస్ కాగితం మీద పెట్టకు. ఫోన్‌లో అసలొద్దు. ప్రొఫెసర్ ఇరీనా చెవిలో చెప్పు, అంతే" అంది శారదాదేవి. నలభై ఏళ్ళుగా జర్మనీలో డాక్టరమ్మ. ఆ చాటున మన ఏజెంట్లకి చీఫ్.

"ఆవిడే అని ఎలా తెలుస్తుంది మేడమ్?" అన్నాడు విజయేంద్ర. ఎష్‌బోర్న్‌లో అందరికీ అతను బ్లూ కార్డ్ ఉద్యోగ వీసా మీదొచ్చిన ఐటీ కన్సల్టెంట్. ఫైల్లో మాత్రం ఏజెంట్ ట్వంటీ టూ.

"ఫోటో లేదయ్యా. స్లావిక్ భాషల్లోకి చదరంగం మాటలు ఎక్కణ్ణించి వచ్చాయో ముప్పై ఏళ్ళు తవ్విన మనిషి. కోడ్‌వర్డ్ ఫెర్జ్. ఈ సాయంత్రం సృజన్‌ని బోర్డర్ దాటిస్తుంది. అతను దాక్కున్న అడ్రస్ వేరేవాళ్ళకి చేరిందో, సృజన్ మనకి దక్కడు."

విదేశీ ముఠాలో దూరి, మూడేళ్ళుండి, గుట్టంతా పట్టుకుని బయటపడ్డ ఇంజినీరు సృజన్. వాళ్ళు అతని కోసం జర్మనీ అంతా గాలిస్తున్నారు.

కార్ల్స్‌రూహెలో ట్రామ్ స్టాప్ ఎదురుగా కఫే. ఎదుటి కుర్చీలో ఒకావిడ: ఎర్రకోటు, నల్లకళ్ళద్దాలు, సినిమా తార లాంటి అందం. విజయేంద్ర వాచీలోని స్కానర్ సన్నగా వణికింది. ఆమె దగ్గర ఆయుధం ఉంది. ఆత్మరక్షణకేమోలే అనుకున్నాడు.

"ఫెర్జ్" అంది ఆమె. తర్వాత ఇంగ్లీషులో, "అడ్రస్ చెప్పు. టైం లేదు."

నోటిదాకా వచ్చింది. కానీ అతనికి చిన్నప్పటి నుంచీ చదరంగం పిచ్చి, ఉండబట్టలేకపోయాడు. "మేడమ్, మేము మంత్రి అనే పావుని రష్యన్లు ఫెర్జ్ అని ఎందుకంటారు?"

ఆమె తీయగా నవ్వింది. "అదొక మహారాణి పేరు. ఆవిడ గౌరవార్థం పెట్టారు."

ఛీ! ఇదా వీళ్ళ ట్రైనింగ్? మేకప్‌కి నెలరోజులు, నిఘంటువుకి ఐదు నిమిషాలు కూడా లేవు! పర్షియన్‌లో ఫర్జీన్ అంటే రాజుకి సలహా చెప్పేవాడు. మన మంత్రే పర్షియా మీదుగా వెళ్ళి స్లావుల బల్ల మీద ఫెర్జ్ అయ్యాడు. ఆయనకి గౌను తొడిగి రాణిని చేసింది పశ్చిమ యూరప్ వాళ్ళు. ముప్పై ఏళ్ళు తవ్విన మనిషికి ఆ మాత్రం తెలీదూ?

విజయేంద్ర మొహం మారలేదు. "బ్యోబ్లింగెన్. స్టేషన్ వెనక వీధి, మూడో అంతస్తు. బెల్ మీద భాస్కర్ రావు అని ఉంటుంది." అది ఇలాంటి వెధవల కోసం చీఫ్ ఎప్పుడో అమర్చిపెట్టిన బోను. బల్లకింద వాచీ మీట నొక్కి చీఫ్‌కి అలారం పంపాడు.

ఎర్రకోటు ఫోన్‌లో అడ్రస్ కొట్టేసింది. ఇక పని అయిపోయిందనుకుని లిప్‌స్టిక్ తీసి అతని గుండెకి గురిపెట్టింది. ఆమె మీట నొక్కే క్షణంలో విజయేంద్ర బల్ల ఎత్తి తోశాడు. తూటా సీలింగులో దిగింది, మహాతల్లి కాఫీతో సహా నేల మీద పడింది.

కోడ్‌వర్డ్ ఇరీనాకి చేరవేసిన మన కొరియర్ లీనాయే ఆ మహాతల్లి. డబుల్ ఏజెంటట! ఏ వైపు పనీ సరిగ్గా చెయ్యలేదు. గంట తర్వాత బ్యోబ్లింగెన్‌లో నలుగురు ముఠా వీరులు బెల్ కొట్టారు. తలుపు తీసింది పోలీసులు.

అసలు ఇరీనా హోటల్ బాత్‌రూమ్‌లో, నోటికి టేపుతో దొరికింది. విప్పగానే అడ్రస్ చెవిలో వేయించుకుని పరుగెత్తింది. సాయంత్రం బోర్డర్ అవతలి నుంచి ఫోన్.

"సృజన్ క్షేమం. పక్కనే సూప్ తాగుతున్నాడు. ఇంతకీ అది నా పేరు పెట్టుకుని ఏం వాగింది?"

విజయేంద్ర చెప్పాడు.

"కట్టి పడేసినా పోనీలే అనుకున్నాను" అంది ఇరీనా. "మహారాణి అందా? కేసు పెట్టండి."