రెల్లు మడుగు బొమ్మలో అడుగు పొర

ఊరి చివర, మూతపడ్డ ఇటుకల బట్టీ దాటాక రెల్లు మడుగు ఉంది. పొద్దు గూకాక అటు వెళ్ళొద్దంటారు. వెళ్తే... అవతల రెల్లులో తెల్లగా ఒకావిడ కనబడుతుందట. పిలవదు. తరమదు. ఊరికే నిలబడి — చూస్తుందట.

మా ఊళ్ళో ఏ పనీ చెయ్యకుండా నిలబడి చూసేవాళ్ళకి కొదవ లేదు. పాపం, వాళ్ళెవరికీ ఇంత పేరు రాలేదు.

అలాంటి చోటికి మా బావ బొమ్మ గీయడానికి వెళ్ళాడు. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తాను. అంతా నమ్మమని మాత్రం అనను.

బావంటే మా చెల్లెలి మొగుడు. ట్యాబ్ మీద ప్రకృతి దృశ్యాలు గీస్తాడు. కొండలు, అడవులు, పొగమంచు... అన్నీ ఫ్యాను కింద, సోఫాలో కాళ్ళు బారజాపుకునే. వాటిని ప్రింటు తీసే భాగ్యం నాది, ఎందుకంటే ప్రింటింగ్ షాపు నాది.

కిందటేడు టౌన్‌హాల్ ప్రదర్శనలో ఆయనగారి జలపాతం పెట్టారు. మొదటి రోజే ఒక పెద్దాయన దాని ముందు ఆగి, "ఇది నేను తీసిన ఫోటో కదండీ!" అన్నాడు. ఆయనదే మరి. ఆ ఫోటోని అడుగు పొరగా పెట్టుకుని, పై పొరలో గీతలు దిద్దేశాడు మా కళాకారుడు. అందరి ముందే బొమ్మ దింపేశారు. చూడ్డానికి తన ఆఫీసు మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చిన మా చెల్లెలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ ఏడు ప్రదర్శనకి మన చుట్టుపక్కల మనుషులు తిరగని చోటు ఏదైనా గీయమన్నారు. బావ మడుగు ఎంచుకున్నాడు.

"ఈసారి అక్కడ కూర్చుని, మీ కళ్ళతో చూసి గీయండి," అంది చెల్లెలు. "మళ్ళీ ఫోటో మీద దిద్దారో, ఇక జన్మలో మీ బొమ్మ చూడను."

దానికి మాటంటే మాటే. ఊరంతా తిట్టినా దులిపేసుకునే మా బావకి, అది వచ్చి బొమ్మ ముందు నిలబడకపోతే మాత్రం అన్నం సహించదు. ఆయనలో నాకు నచ్చే గుణం అదొక్కటే.

సరే, ఒక సాయంత్రం వెళ్ళాడు. గట్టు మీద మడత కుర్చీ వేసుకున్నాడు. ఎదురుగా నల్లటి నీళ్ళు, మధ్యలో మోడైపోయిన చెట్లు, అవతల ఒడ్డున మనిషిని మించిన రెల్లు. వెలుగు తగ్గింది... పక్షుల గోల ఆగిపోయింది... గాలన్నది లేదు. అయినా అవతల రెల్లు — కదిలింది.

"కదిలితే?" అన్నాను.

"కదిలితే ఏముంది, గీశాను. చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేదు," అన్నాడు, గుండె మీద చెయ్యేసుకుని మరీ.

రెండ్రోజులకి మొగుడూ పెళ్ళాం కలిసి బొమ్మ పట్టుకుని షాపుకొచ్చారు. బొమ్మ బాగానే ఉంది. కానీ తెర మీద మెరిసే చీకటి కాగితం మీదికొస్తే బొగ్గయిపోతుంది. అందుకని ఎవరి బొమ్మకైనా నీడల్ని కాస్త వెలిగించి ప్రింటు తీయడం నా అలవాటు. అలాగే తీశాను.

మిషన్ కాగితాన్ని మెల్లగా బయటికి తోస్తోంది... ఆకాశం వచ్చింది. మోడు చెట్లు వచ్చాయి. రెల్లు వచ్చింది. రెల్లు నడుమ — తెల్లగా ఒకావిడ.

"ఎవరు బావా... ఈవిడ?"

"నేను... నేను గీయలేదు," అన్నాడు.

చెల్లెలు తాపీగా వంగి చూసింది. "ఇంకెవరు, నేనే అయ్యుంటాను," అంది.

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది.

"తెల్ల రెయిన్‌కోటు వేసుకుని ఈయన వెనకాలే వెళ్ళాను, నిజంగా గీస్తారా లేదా అని. గీయడమా నా తలకాయా! ఒక్క ఫోటో తీసి, కుర్చీ మడిచి, ఒకటే పరుగు. ఇంట్లో దాని మీద దిద్దుంటారు. అందులో నేనూ పడ్డాను."

పొరలు తెరిచి చూశాను. అడుగున, బావ చెరపడం మర్చిపోయిన ఫోటో పలచగా అలాగే ఉంది. నీడలు వెలిగించేసరికి పైకి తేలింది. బావ అడ్డంగా దొరికిపోయాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

నవ్వుతూనే అడిగాను, "అవునూ, అవతల ఒడ్డుకెలా వెళ్ళావే? దారే లేదు కదా?"

"అవతలికి నేనెందుకెళ్తాను అన్నయ్యా? ఇవతలే, ఈయన వెనక తుప్పల చాటున..."

మాట అక్కడే ఆగిపోయింది. బావ ఫోటో తీసింది తన ముందుకి; చెల్లెలున్నది వెనక.

చెల్లెలే ముందు తేరుకుని, ప్రింటుని బోర్లా తిప్పి పెట్టింది.

"ఎవరైతే నాకేం. అబద్ధం అబద్ధమే. మళ్ళీ వెళ్ళి, కూర్చుని గీయండి."

"ఒక్కడినేనా?"

"ఈసారి కాపలా రాను. నమ్మి ఇంట్లో కూర్చుంటాను."

ఆ నమ్మడం అన్న మాట పట్టుకుని వెళ్ళాడు మా బావ. తిరిగొచ్చి ట్యాబ్ నా చేతిలో పెట్టాడు. తెరిచి చూశాను. ఒకే పొర. ఫోటో లేదు, గీతలు వణికాయి, కానీ అంత మంచి బొమ్మ ఆయన చేతి నుంచి రావడం నేనెన్నడూ చూడలేదు.

ప్రదర్శనకి చెల్లెలు వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఇది మీరు చూసి గీసిందే," అని ఆయన చెయ్యి పట్టుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు. నాకూ సంతోషమేసింది, దాచుకోవడమెందుకు.

అప్పుడు నేనూ దగ్గరగా వెళ్ళి చూశాను. ప్రింటు తీసేటప్పుడు రెల్లు పువ్వులే అనుకున్న ఆ తెలుపు — ఆవిడే. ఈసారి మొహంతో సహా — నుదుటికి అంటుకున్న తడి జుట్టు, పగిలిన పెదవి, కంటి కింద చిన్న మచ్చ.

బావని పక్కకి లాగి గుసగుసగా అడిగాను, "అవతల ఒడ్డున్న మనిషికి కంటి కింద మచ్చ ఎలా కనబడింది? ఊహించి పెట్టావా మళ్ళీ?"

"ఒట్టు, ఊహ కాదు. చూసే గీశాను." "మొహం సరిగ్గా కనబడటం లేదే... అని పైకి అన్నాను. అంతే..."

"అంతే?"

"దగ్గరికొచ్చింది."