నాన్న ఏ రాష్ట్రం మనిషి?

హోయ్ట్ ప్రూయెట్ పొద్దున్నే లేచి మేజోళ్ళకంటే ముందు పిస్తోలు వెతుక్కుంటాడు. నడుముకి తోలు ఒర, అందులో పిస్తోలు, పైన వదులు చొక్కా. అన్నీ కుదిరాకే వంటింట్లోకి వచ్చి కాఫీ అడుగుతాడు. కూతురు లినెట్ చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి ఆమె కంటికి అది కళ్ళజోడుతో సమానం. అల్లుడు రస్‌కి మాత్రం మామగారు కుర్చీలో కూర్చున్నప్పుడల్లా చొక్కా కింద ఆ ఎత్తు కనిపించి ముద్ద గొంతు దిగదు.

"గ్రేవీలో మిరియాలు లేవు," అన్నాడు హోయ్ట్ మెత్తటి బిస్కెట్ రొట్టె తుంచుతూ. "మీ అమ్మ చేస్తే తుమ్ములొచ్చేవి."

"రెండుసార్లు వేశాను నాన్నా."

"అయితే ఈ కొలరాడో మిరియాలకి చేవ లేదు. ఇక్కడ పొగరంతా కొండలకే."

లినెట్ నవ్వింది. రస్ నవ్వలేదు. ప్లేటు పక్కకి నెట్టి, భార్యకి కళ్ళతోనే సైగ చేసి పెరట్లోకి నడిచాడు. వీధి చివర ఎవరో పచ్చి మిరపకాయలు కాలుస్తున్నారు, ఆ ఘాటు పెరడంతా కమ్ముకుంది.

"నిన్న మీ నాన్న నన్నేమడిగాడో తెలుసా? 'ఎవరు నువ్వు, టైర్ల కోసం వచ్చావా' అని. మొదట నవ్వొచ్చింది. అడిగేటప్పుడు ఆయన చెయ్యి ఎక్కడుందో చూశాక నవ్వు చచ్చిపోయింది."

"మెల్లగా మాట్లాడు, వినిపిస్తుంది."

"వినిపించనీ! ఆ టెక్సస్ పిస్తోలు లైసెన్స్ ఇక్కడ చెల్లదు లినెట్. కొత్తగా వచ్చినవాళ్ళకిచ్చే గడువు ఎండాకాలంలోనే తీరిపోయింది. నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియనట్టు ఇంకా ఎన్నాళ్ళు నటిస్తాం?"

"మాటిచ్చాను రస్. నా నోటితో నేనే మాటిచ్చాను."

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. టెక్సస్‌లోని డాల్హార్ట్‌లో హోయ్ట్‌కి టైర్ల దుకాణం ఉండేది. ఓ రాత్రి దొంగలు పడి ఆయన్నీ, భార్య వెర్నానీ కట్టేసి, గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు. కళ్ళముందే వెర్నాని కొడుతుంటే ఏమీ చేయలేకపోయాడు. ఆ తర్వాత పిస్తోలు కొన్నాడు, లైసెన్స్ తీసుకున్నాడు, ఇక నడుముమీంచి దించలేదు. వెర్నా జబ్బు చేసి పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేడని లినెట్ తీసుకెళ్ళడానికి వస్తే, ట్రక్కు తాళాలు ఇచ్చేశాడు, కుక్కని పక్కింటివాళ్ళకి అప్పగించాడు. ఒక్క షరతు పెట్టాడు.

"నా పిస్తోలు లైసెన్స్ జోలికి రాకు," అన్నాడప్పుడు. అప్పటికి ఆయన బుర్ర కత్తిలా ఉండేది. "అక్కడి డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నానంటే నేను ఆ రాష్ట్రం మనిషినైపోతాను. టెక్సస్‌లో కాపురమున్నవాడి దగ్గర ఉంటేనే టెక్సస్ పిస్తోలు కార్డుని కొలరాడోవాళ్ళు ఒప్పుకుంటారు. అందుకని నేను మీ ఇంటికి చుట్టపుచూపుగా వస్తున్నా, అంతే. ఇల్లు అమ్మను, కార్డులు మార్చను. ఎవరడిగినా కూతుర్ని చూసిపోవడానికి వచ్చానని చెప్పు."

అలా చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కొలరాడోలోని ప్యూబ్లోలో ఉండిపోయాడు. కొలరాడో లైసెన్స్‌కి పిస్తోలు శిక్షణ క్లాసుకి వెళ్దాం అని లినెట్ ఒకసారి అంటే, "నాకు క్లాసా? ఆ చెప్పేవాడు పుట్టకముందునుంచీ నడుముకి పిస్తోలు కట్టుకుంటున్నా," అని ఎగిరిపడ్డాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ అదే కావాలి. క్లాసులో కూర్చుంటే నాన్న ఏం మరిచిపోతున్నాడో పదిమందికీ తెలిసిపోతుంది. తెలిసిపోతే తనకీ తెలియాల్సి వస్తుంది.

"ఆయన దగ్గర పిస్తోలు నువ్వు తీసుకోలేకపోతే నేను తీసుకుంటాను," అన్నాడు రస్.

"తీసుకున్న రోజే ఆయన చచ్చిపోతాడు. అది గుర్తుంచుకో."

"తీసుకోకపోతే ఎవరు చస్తారో అదీ ఆలోచించు."

వాళ్ళు లోపలికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ట్రక్కు తాళాలైనా దాచగలిగారు గానీ కాళ్ళకి తాళం వేయలేరు కదా! లినెట్ చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తింది. మలుపు తిరగ్గానే షెరీఫ్ ఆఫీసు పోలీసు కారు దీపాలు కనిపించాయి.

ఓ తెల్ల ఇంటి వాకిట్లో, వరండా మెట్టుమీద హోయ్ట్ నిలబడి ఉన్నాడు. జాలితలుపు వెనక, పోలీసులకి ఫోన్ చేసిన ఓ చిన్న వయసు తల్లి బిడ్డని హత్తుకుని వణికిపోతోంది. వాకిట్లో ఆర్చులెటా అనే ఆఫీసరమ్మ, చెయ్యి తన పిస్తోలు మీద ఉంచి నిలబడింది.

"పెద్దాయనా, చేతులు నాకు కనిపించేలా ఉంచండి."

"అలాగేనమ్మా. ముందే చెప్తున్నా, చొక్కా కింద పిస్తోలుంది." హోయ్ట్ గొంతులో మర్యాద ఉట్టిపడుతోంది. టెక్సస్‌లో పోలీసు ఆపితే పిస్తోలున్నవాళ్ళు అడిగే దాకా ఆగరు, డ్రైవింగ్ లైసెన్స్‌తోపాటు పిస్తోలు కార్డూ చేతిలో పెడతారు. "రెండు కార్డులూ వెనక జేబులో ఉన్నాయి. ఇదిగో తీస్తున్నా."

ఆయన చెయ్యి నడుము వెనక్కి వెళ్ళింది. ఆర్చులెటా పిస్తోలు ఒరలోంచి బయటికొచ్చింది.

"నాన్నా! చెయ్యి! చెయ్యి పైకెత్తు!" లినెట్ కేక వీధంతా వినిపించింది. "అమ్మా, కాల్చకండి, మా నాన్న, దండం పెడతాను కాల్చకండి!"

హోయ్ట్ బిత్తరపోయి రెండు చేతులూ ఎత్తాడు. ఆర్చులెటా వెనకనుంచి వచ్చి ఆయన పిస్తోలు తీసుకుని, తూటాలు తీసేసి, కార్డులు తానే లాగింది.

"ఇది మా ఇల్లు," అన్నాడు హోయ్ట్, ఎవరికో తప్పు దిద్దుతున్నట్టు. "తలుపు తీస్తే ఎవరో మనిషి. వెర్నా ఎక్కడని అడిగాను. చెప్పదు. వెర్నాని ఏదో చేశారనుకున్నా."

"చెయ్యి చొక్కా కిందకి పోనిచ్చాడు," అంది జాలితలుపు వెనకనుంచి ఆ తల్లి, ఏడుస్తూ. "నా చంకలో బిడ్డ ఉంది. నేను కదల్లేదు. దేవుడు కాపాడాడు."

ఆర్చులెటా కార్డులు తిప్పి చూసి లినెట్ వైపు వచ్చింది. "కార్డు తేదీ బాగానే ఉంది. డాల్హార్ట్ అని ఉంది. ఈయన అక్కడి మనిషై చూసిపోవడానికి వచ్చారంటే ఇది ఇక్కడ చెల్లుతుంది. ఇక్కడే ఉంటున్నారంటే చెల్లదు, నేను కేసు రాయాలి. చెప్పండి, ఎక్కడుంటారు?"

లినెట్ నోట్లో మాట సిద్ధంగా ఉంది. చూసిపోవడానికి వచ్చాడు. ఆ ఒక్క మాట చాలు. కేసు ఉండదు, ఇచ్చిన మాట నిలుస్తుంది, లైసెన్స్ బతుకుతుంది. రేపు పొద్దున్న మళ్ళీ ఒర, మళ్ళీ చొక్కా, మళ్ళీ ఎవరిదో తలుపు. ఆమె తండ్రి మొహంలోకి చూసింది. తను అబద్ధం చెప్పాలని ఆయన కోరుకుంటున్నాడేమో అనుకుంది.

ఆయన కళ్ళలో అదేమీ లేదు. బెదిరిన పిల్లాడిలా చూస్తున్నాడు.

"చెప్పమ్మాయ్," అన్నాడు మెల్లగా. "నేనెక్కడుంటానో ఆమెకి చెప్పు. నాకు గుర్తు రావట్లేదు."

లినెట్‌కి దుఃఖం ఆగలేదు. "మాతోనే ఉంటున్నావు నాన్నా. ఇక్కడే. అమ్మ పోయాక నిన్ను నేనే తీసుకొచ్చాను. ఇది నీ ఇల్లు కాదు. మన ఇల్లు ఆ పక్క వీధిలో ఉంది."

హోయ్ట్ తల తిప్పాడు. జాలితలుపు వెనక బిడ్డని చూశాడు. తన కుడిచేతిని చూసుకున్నాడు.

"అయితే ఆ కార్డు చెల్లదు," అన్నాడు ఆర్చులెటాతో. "చెల్లని కార్డుతో నేనెప్పుడూ తిరగలేదమ్మా. రాసుకోండి. ఆ పిస్తోలు మాత్రం నాకు తిరిగివ్వకండి. మా అమ్మాయి అడిగినా ఇవ్వకండి." తర్వాత తలుపు వైపు తిరిగి, "తల్లీ, నిన్ను భయపెట్టాను. నన్ను చూస్తే నాకే భయమేస్తోంది," అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

లినెట్ ఆయన్ని కావలించుకుంది. తండ్రి ఏడవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మ సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, ఎవరిదో వాకిట్లో కూతురి భుజం తడిసేలా ఏడ్చాడు. వెనకే పరుగెత్తుకొచ్చిన రస్ మామగారి రెండో చెయ్యి పట్టుకున్నాడు.

ఆర్చులెటా రాసుకోవలసింది రాసుకుని, కోర్టుకి ఎప్పుడు రావాలో చెప్పి వెళ్ళిపోయింది. ముగ్గురూ ఇంటివైపు నడిచారు. సగం దారిలో హోయ్ట్ ఆగాడు.

"ఈ ఊరి పేరేంటమ్మాయ్?"

"ప్యూబ్లో నాన్నా."

"వీధి?"

"ఎల్మ్ వీధి. చివర నుంచి రెండో ఇల్లు. నీలం తలుపు."

"ప్యూబ్లో. ఎల్మ్ వీధి. నీలం తలుపు," అని బడిపిల్లాడిలా వల్లించాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ అడిగాడు. లినెట్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది.

"విసుక్కోకు," అన్నాడు హోయ్ట్. "ఎవరైనా అడిగితే ఈసారి నేనే చెప్పాలి కదా."