పొగడ చెట్టుకు ఎర్ర రిబ్బన్

"ఆపండి! ఆ చెట్టు మీద రంపం పెట్టారంటే ఊరుకోను!"

రంపం మిషన్ ఆగింది. ప్రవీణ్ వెనక్కి తిరిగాడు. మొక్కల వ్యాన్‌లోంచి దూకి, చున్నీ నడుముకు చుట్టుకుంటూ ఒక అమ్మాయి పరుగెత్తుకొస్తోంది.

రాజమండ్రిలో గోదావరి గట్టున మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ స్థలాన్ని పార్కుగా మారుస్తున్నారు. ఆ పనికి ప్రవీణ్ సైట్ ఇంజనీరు. కడియం నర్సరీ నుంచి మొక్కలు పంపేది హైమ. నెలరోజులుగా ఇద్దరూ ఫోన్లో పోట్లాడుకుంటున్నారు గానీ, ఎదురుపడడం ఇదే మొదలు.

"ఈ చెట్టుకి ఎర్ర రిబ్బన్ కట్టింది మీరాండీ?" అన్నాడు ప్రవీణ్.

"నేనే. నిన్న మొక్కలు దింపినప్పుడు కట్టాను."

"మరి మా సైట్లో కొట్టేసే చెట్లకే ఎర్ర రిబ్బన్ కడతామండీ!"

హైమ ముఖం పాలిపోయింది. "అయ్యో! మా నర్సరీలో ఎర్ర రిబ్బన్ కడితే ఆ మొక్క బుక్కయిపోయినట్టండి. ఇంకెవరూ ముట్టుకోరు."

రంపం పట్టుకున్న పల్లంరాజు పకపకా నవ్వాడు. "ఇంకొక్క నిమిషం ఆగుంటే మీ బుకింగ్ కాస్తా కట్టెలయ్యేదండోయ్!"

ప్రవీణ్ మాత్రం నవ్వలేదు. "ఈ చెట్టు సంగతి నిన్నటిదాకా తేలలేదండి. రిబ్బన్ చూసి, మావాళ్లే కట్టారనుకుని, తీసేస్తున్నామని పైకి రాసేశాను. వాకింగ్ ట్రాక్ ఇటుగానే గీసేశారు."

"మా నాయనమ్మ ఈ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పెంకులు మోసింది," అంది హైమ. "మధ్యాహ్నం క్యారేజీ విప్పేది ఈ పొగడ చెట్టు కిందే. పార్కయ్యాక మళ్లీ ఇక్కడే కూర్చుంటానని రోజూ అంటుందండి."

"ట్రాక్ వంపు తిప్పాలంటే పైవాళ్లని ఒప్పించాలి. అంత తేలికా?"

"ఒక్కో మందార మొక్కకీ నాతో గంటసేపు వాదించారు కదా. ఆ నోరేదో అక్కడ వాడండి!"

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పల్లంరాజు షెడ్డులోకి పరుగెత్తాడు. వాళ్లిద్దరూ చెట్టు కిందే నిలబడిపోయారు. వానతోపాటు పొగడపూలు రాలాయి. ఒకటి హైమ జడలో చిక్కుకుంది. ప్రవీణ్ చెప్పబోయి, చెప్పలేక, ప్లాన్ కాగితం ఆమె తలమీద గొడుగులా పట్టాడు.

"ప్లాన్ తడిసిపోతోందండీ!"

"తడవనివ్వండి. ఎలాగూ మళ్లీ గీయాలిగా," అంటూ మొదటిసారి నవ్వాడు ప్రవీణ్.

ఆ నవ్వు చూశాక హైమకు పోట్లాట గుర్తు రాలేదు.

ఆరు నెలలకు పార్కు తెరిచారు. నల్లటి ట్రాక్ నది పక్కనే తిన్నగా వచ్చి, పొగడ చెట్టు దగ్గర మాత్రం వంగి, చుట్టూ తిరిగి వెళ్లింది. నాయనమ్మ సంపూర్ణమ్మ పాత చోటే కూర్చుని క్యారేజీ విప్పింది.

ప్రవీణ్ వచ్చి హైమ ముందు చెయ్యి చాపాడు. మణికట్టుకు ఎర్ర రిబ్బన్ ఉంది.

"మీ నర్సరీ పద్ధతేనండి," అన్నాడు నేల చూస్తూ. "మీరు వద్దంటే విప్పేస్తాను."

"ఏంటే, ఆ అబ్బాయి చేతికి ఆ రిబ్బనేంటి?" అంది సంపూర్ణమ్మ, పులిహోర ముద్ద చేతిలోనే ఉంచుకుని.

హైమ ప్రవీణ్ చెయ్యి దగ్గరికి లాక్కుని, వదులుగా ఉన్న ఆ ముడిని గట్టిగా బిగించింది.

సంపూర్ణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. క్యారేజీలో రెండో గిన్నె మూత తీసి, తన పక్కన చోటు చూపించింది.

"కూర్చో బాబూ. పులిహోర తింటావా?"